తోడికోడలి బిడ్డ

ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధన ఎత్తేశారన్న కబురు తండాకు చేరి వారం దాటింది. ఆ వారంలో ప్రమీల ఇంట్లో ఆ మాట ఒక్కసారే వచ్చింది. "ఇగ దాచుడు దేనికి? పిల్లను ఇంటికి తెచ్చుకుందం" అని ప్రమీల అంది. ఆమె భర్త బాబూరావు అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. "నామినేషన్ ఏస్తున్న. ఓట్లయ్యేదాక నోరు తెరవకు" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం అతనికి చెప్పకుండా ప్రమీల టేకులపల్లిలో కొత్తగూడెం బస్సెక్కింది.

దాచిన సంగతి పన్నెండేళ్ల కిందటిది. 2013లో బాబూరావు సర్పంచ్‌గా నిలబడాలనుకున్నాడు. అప్పటికే ఇద్దరు మగపిల్లలు. ప్రమీలకు మూడోసారి నెల తప్పిన సంగతి బయటపడేసరికి అయిదో నెల నడుస్తోంది. బాబూరావు అన్న, కొత్తగూడెంలో ఉండే హరిలాల్‌కు పిల్లలు లేరు. పుట్టిన ఇద్దరూ పోయారు. అతని భార్య బాలికి ఎప్పుడో పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోయింది. అన్నదమ్ములు ఒక పూట కూర్చుని మాట్లాడుకున్నారు. తల్లికి బాగాలేదన్న వంకతో ప్రమీల బూర్గంపాడు దగ్గర పుట్టింటికి పోయి నాలుగు నెలలు ఉంది. ఎవరూ ఎరగని ఊళ్లో, ఒక చిన్న ప్రైవేటు దవాఖానాలో ఆడపిల్లను కంది. అక్కడి కాగితాల్లో తల్లి పేరు దగ్గర బాలి అని రాయించారు. మూడో రోజు బాలి పిల్లను ఒళ్లో పెట్టుకుని కొత్తగూడెం పోయింది. ప్రమీల పాలు గడ్డకట్టిన రొమ్ములతో తండాకు వచ్చింది. బాబూరావు గెలిచాడు.

బాలికి హైదరాబాదులో మళ్లీ నరాలు కలిపే ఆపరేషన్ చేయించారని, అది పని చేసిందని తండాలో చెప్పారు. చేయించిన మాట నిజమే. పని చేయలేదు. తండాలో నమ్మినవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు ఊరుకున్నారు.

ఈ పన్నెండేళ్లూ ప్రమీల ఆశా కార్యకర్తగానే ఉంది. ఇంటింటికీ తిరిగి "ఇద్దరు చాలమ్మా" అని చెప్పింది. ఎవరు నీళ్లాడారు, ఎవరు ఆపరేషన్ చేయించుకున్నారు అన్నీ రిజిస్టర్లో రాసింది. ఆమె చేతిరాత కుదురుగా ఉంటుందని దవాఖానాలో అందరూ మెచ్చుకుంటారు. ఆ రిజిస్టర్లో 2013 పేజీ తీస్తే ఆమె చూసే మూడు తండాల్లో కలిపి ముప్పై ఒక్క కాన్పులు. ఈ ఏడు తొమ్మిది. అంగన్‌వాడీలో పిల్లలు తక్కువై రెండు సెంటర్లు ఒకటి చేశారు. ప్రాథమిక బడిలో ఆరుగురే ఉన్నారు, వచ్చే ఏడు ఉంచుతారో ఎత్తేస్తారో తెలియదు. ముప్పై ఒకటిలో తన కాన్పు లేదు. ఆ ఏడాది పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా ప్రమీల కొంచెం జల్దీగా తిప్పేది.

హరిలాల్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఆ వారం సెకండ్ షిఫ్ట్. మూడింటికి ముందే టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి ఉంటాడని ప్రమీల లెక్క వేసుకునే వచ్చింది. క్వార్టర్ తలుపు తీసే ఉంది. ముందు గదిలో బాలి నేల మీద కూర్చుని స్కూలు గౌను అంచు విప్పుతోంది. పిల్ల పొడుగెదిగింది. లోపలికి మడిచి కుట్టిన గుడ్డ ఎండ తగలక కొత్త నీలం రంగులో ఉంది. మిగతాది వెలిసిపోయింది.

"ఏంది, చెప్పకుంట వచ్చినవ్?" అంది బాలి. "బాబూరావు రాలేదా?"

"లేదక్కా. నేనే వచ్చిన."

"కూసో. చాయ్ పెడత."

"వద్దు."

బాలి సూదిని గౌనుకే గుచ్చి పెట్టి ఆమె ముఖం చూసింది. ప్రమీలకంటే ఆరేళ్లు పెద్దది. తల ముందు భాగం నెరిసింది. తండా వదిలి పదహారేళ్లయినా చేతులకు పచ్చబొట్లు అట్లాగే ఉన్నాయి. ఇద్దరూ ఎప్పుడూ లంబాడీలోనే మాట్లాడుకుంటారు. ఆ రోజు ప్రమీలకు ఎందుకో తెలుగే వచ్చింది. దవాఖానాలో మాట్లాడే భాష అది. ఇబ్బందిగా ఉన్న మాట ఏదైనా ఆమె ఆ భాషలోనే చెబుతుంది.

"రూలు తీసేసిండ్రక్కా. విన్నవు గద."

"విన్న. టీవీల చెప్పిండ్రు."

"ఇగ మేం భయపడే పని లేదు. హన్సికను నేను..." ప్రమీల ఆగింది. బస్సులో వందసార్లు అనుకున్న మాట. "నా బిడ్డను నేను తీస్కపోత."

బాలి లేచి వంటింట్లోకి పోయి, వద్దన్నా స్టవ్ మీద చాయ్ గిన్నె పెట్టింది. అక్కడి నుంచే మాట్లాడింది.

"ఎవరు చెప్పిండ్రు నీకు గిట్ల అడగమని? బాబూరావా?"

"ఆయనకు తెల్వది."

"గదే అనుకున్న. ఆయనైతే అడగడు. అడిగితే రేపు ఎవడన్న లేచి, అప్పట్ల ముగ్గురు పిల్లలుండంగ సర్పంచ్ ఎట్లయినవ్ అంటడు. దొంగ కాగితం పెట్టినవంటడు. గది ఆయనకు ఎరికే." గ్లాసులు తెచ్చి కింద పెట్టింది. "నువ్వు గది ఆలోచించినవా? సర్టిఫికెట్ మీద తల్లి పేరు నాది. ఆధార్ మీద తండ్రి పేరు మీ బావది. కంపెనీ దవాఖానా కార్డుల పిల్ల పేరున్నది. అన్నీ అబద్ధమని తేలితే మీ బావ కొలువు ఏమైతది? రిటైరుకు ఇంక ఆరేండ్లున్నది ఆయనకు."

"కాగితాలు నేను చూసుకుంట. దత్తత అని రాయించుకోవచ్చు. వకీలును అడుగుత."

"నా బిడ్డను నువ్వు దత్తత తీసుకుంటవా?"

ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది.

ప్రమీల కొంచెం ముందుకు జరిగింది. "అక్కా, నేను ఇచ్చింది ఇష్టంతో కాదు. నీకు తెల్వదా? రూలు ఉండబట్టి ఇచ్చిన. ఆయనకు సీటు కావాలె. నాకు ఏం కావాలెనో ఒక్కరు అడగలె. ఏడాదికి రెండుసార్లు వస్త, చిన్నమ్మా అని పిలుస్తది, వంద రూపాయలు చేతుల పెట్టి పోత. బస్సుల పొయ్యేదాక మొఖం గట్టిగ పెట్టుకుంట. పన్నెండేండ్లయింది. ఇంక నాతోని కాదు."

"రూలు ఉండబట్టి ఇచ్చినవ్" అని బాలి నెమ్మదిగా తిరిగి అంది. "మరి నాకెందుకు పిల్లలు లేకుండ పోయిండ్రు, చెప్పు. గది కూడా రూలేనా?"

ప్రమీల తల వంచుకుంది. వాళ్లిద్దరి మధ్య పద్దెనిమిదేళ్లుగా ఎవరూ ఎత్తని సంగతి అది.

2007లో ప్రమీల కొత్తగా ఆశాలో చేరింది. పదో తరగతి చదివిన కోడలు తండాలో ఆమె ఒక్కతే. మూడు నెలలు గడిచినా ఒక్క ఆపరేషన్ కేసూ తేలేకపోయింది. అప్పటికి బాలికి ఇరవై నాలుగేళ్లు. నాలుగేళ్ల కొడుకు, ఏడాది కూతురు. ఇద్దరైపోయారు కదా, చాలు కదా అని ప్రమీల అడిగింది. బాలి సరేనంది. కుటుంబ నియంత్రణ క్యాంపుకు జీపులో తీసుకుపోయారు. ప్రమీల రిజిస్టర్లో మొదటి పేరు తోడికోడలిదే. రెండేళ్లకు వానాకాలంలో వాగు పొంగి రెండు రోజులు దారి లేకుండా పోయింది. ఆ రెండు రోజుల్లోనే ఇద్దరు పిల్లలకూ మలేరియా మెదడుకెక్కింది. దవాఖానాకు చేరేసరికి కూతురు పోయింది. కొడుకు మర్నాడు పోయాడు. ఆ ఏడే హరిలాల్‌కు బాయిలో పని దొరికితే, తండాలో ఉండలేనని బాలి ఇల్లు తాళం వేసి వచ్చేసింది.

అందరినీ ఆపరేషన్‌కు తీసుకుపోయే ప్రమీల, ఆ తర్వాత తాను మాత్రం ఆ బల్ల ఎక్కడానికి భయపడింది. ఇద్దరు కొడుకులు పుట్టాక కూడా రేపూ మాపూ అంటూ దాటేసింది. అట్లాగే మూడోది కడుపున పడింది.

"నేను నిన్ను బలవంతం చెయ్యలేదక్కా" అంది ప్రమీల. "నువ్వే సరే అన్నవ్."

"అవ్. నేనే అన్న. ఎందుకన్ననో నీకు తెల్వదు."

బాలి చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"క్యాంపుకు రెండు రోజుల ముందు నర్సమ్మ భారతమ్మ వచ్చింది ఇంటికి. నువ్వు లేవు, పక్క తండాకు పోయినవ్. నేను ఆమెకు చెప్పిన, పాప ఇంక రొమ్ము ఇడవలేదు, మూడేండ్లు నిండనియ్యి, అప్పుడు చూస్త అని. ఆమె ఏమన్నదో తెల్సా? 'నీ తోడికోడలికి ఇంతదాక ఒక్క కేసు లేదు. ఈ నెల కూడా లేకుంటే ఆమెను తీసేసి వేరేటోళ్లను పెడతరు. ఇంట్ల నువ్వే బల్ల ఎక్కకుంటే బయటోళ్లు ఎవరు ఎక్కుతరు?' అన్నది."

బాలి ఆగకుండా చెప్పుకుపోయింది.

"అప్పుడు నీకు పెండ్లై ఏడాది. అత్త నిన్ను చదువుకున్న పిల్ల, చేను పని చేతకాదని పొద్దుమాపు తిట్టేది. నువ్వు గోడ దిక్కు తిరిగి ఏడ్చేటిదానివి. ఆ కొలువు వచ్చినంక అత్త నోరు జెర తగ్గింది. నీ మొఖం తెరిపైంది. గది పోతదంటే నాకు పానం ఒప్పలేదు. సరే, ఎట్లయిన ఇద్దరున్నరు గద, ఎప్పుడైన చేయించుకునేదే గద అనుకున్న. నీ కొలువు నిలవాలని ఎక్కిన ప్రమీలా."

బయట వీధిలో కూరగాయల బండి మైకు మోగుతూ పోయింది.

"ఎందుకు చెప్పలేదు?" అని ప్రమీల అడిగింది.

"ఎప్పుడు చెప్పాలె? పిల్లలు పోయినప్పుడా? చెప్తే నువ్వు బతుకుతవా?" బాలి కళ్లలో నీళ్లు లేవు. ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటను ఇప్పుడు బయటికి చదువుతున్నట్టు ఉంది. "నీ మీద కోపం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడు లేదు. నువ్వు పిల్లను నా ఒళ్ల పెట్టిన రోజు నేను ఏమనుకున్ననంటే, ప్రమీలకు అంతా తెల్సు, అందుకే ఇస్తున్నది అనుకున్న. మీ ఆయన సీటు కోసమని నేను అనుకోలేదు. గదొక సాకు అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకుంట బతికిన."

ప్రమీల చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. ఆ చేతులతో ఎంతమంది పేర్లు రాసిందో ఆమెకు లెక్క లేదు. ప్రతి పేరు వెనకా ఇట్లాంటిది ఒకటి ఉందేమోనన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. నెల మీటింగులో కేసులు తక్కువైన ఆశాను నిలబెట్టి అడిగేవాళ్లు. ఎక్కువ తెచ్చినవాళ్లకు చప్పట్లు కొట్టించేవాళ్లు. 2007 డిసెంబరులో ఆమెకూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికి వచ్చి బాలికి చెబితే, బాలి కడుపు మీద కట్టుతోనే పక్క మీంచి నవ్వింది.

"ఇప్పుడు టీవీల పెద్దమనుషులు ఇంకొక తీరు చెప్తున్నరు" అంది బాలి. "పిల్లలు తక్కువైతున్నరట, ఎక్కువ కనాలెనట. లేకుంటే మనకు ఢిల్లీల సీట్లు తగ్గుతయట. మీ బావ నవ్విండు అది చూసి. నాకు నవ్వు రాలే. లేచి లోపలికి పోయిన."

"అక్కా..."

"ఆగు, చెప్పనియ్యి. నువ్వు ఇంట్లకు వచ్చినప్పుడు నీ మొఖం చూసిన. పిల్లను తీస్కపోనీకి వచ్చినవని చూడంగనే తెల్సింది. రూలు పోయిందని టీవీల చెప్పిన రోజు నుంచే ఎదురుచూస్తున్న. ఇయ్యను, ప్రమీలా. కాళ్లు పట్టుకున్నా ఇయ్యను. ఇద్దరిని మట్టిల పెట్టినదాన్ని. ఇంకొకదాన్ని బతికుండంగ ఎట్ల పంపుత?"

చెప్పడం అయిపోయినాక బాలి మళ్లీ గౌను అందుకుంది. సూదికి దారం ఎక్కించబోయింది. దారం కన్నంలోకి పోలేదు. రెండుసార్లు చూసి, ప్రమీల జరిగి ఆమె చేతిలోంచి సూది తీసుకుంది. దారం ఎక్కించి, ముడి వేసి ఇచ్చింది. అంచు కుడుతున్నంతసేపూ గౌను రెండో కొస పట్టుకుని కూర్చుంది. కుట్టు పూర్తయ్యేసరికి, బస్సులో తెచ్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆమె దగ్గర మిగల్లేదు.

"నేను పోతనక్కా" అంది. "పిల్ల రాకముందే పోత. నేను వచ్చిననని చెప్పకు."

"బస్సు ఇంక గంటకు గాని లేదు."

"బస్టాండ్ల కూసుంట."

లేచి కొంగు సర్దుకుంటుండగానే గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది. మెట్ల మీద బూట్ల చప్పుడు. హన్సిక బ్యాగు ఒక భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. పొడుగ్గా, చామనఛాయగా, పై పెదవి మీద చెమటతో. ప్రమీలను చూసి మొఖమంతా నవ్వైంది.

"చిన్నమ్మా! ఎప్పుడొచ్చినవ్? యాడీ, చిన్నమ్మ వస్తదని చెప్పలేదేంది?"

యాడి అంటే లంబాడీలో అమ్మ. ఆ పిలుపు బాలి వైపే పోయింది. ప్రమీల దాన్ని పక్కన నిలబడి విన్నది.

"ఇప్పుడే పోతున్న తల్లీ."

"పోవద్దు, పోవద్దు. నాకు నీతోనే పనున్నది." పిల్ల బ్యాగు నేల మీద పడేసి ఒక పెద్ద చార్టు చుట్ట తీసి గచ్చు మీద పరిచింది. లేవకుండా నాలుగు మూలల్లో బూటొకటి, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, కంపాస్ పెట్టె పెట్టింది. "సోషల్ టీచర్ ఇచ్చింది. జనాభా పాఠం. ఎవరింటిది వాళ్లు రాయాలె. మా జేజమ్మకు ఎంతమంది, వాళ్ల కోడలికి ఎంతమంది, తర్వాత మన అమ్మోళ్లకు ఎంతమంది. క్లాసుల అందరియి కలిపి ఒక బొమ్మ గీస్తదట. ముందట్ల బొమ్మ కింద వెడల్పు, మీద సన్నం ఉండేదట, గోపురం లెక్క. ఇప్పుడు నడుమ లావు, కాళ్లు సన్నగ అయినయట. మీద ముసలోళ్లు పెరుగుతున్నరట. నేను పెద్దగయ్యేసరికి పిల్లలే తక్కువుంటరట."

చార్టులో పెన్సిల్‌తో గీతలు గీసి ఉన్నాయి. అన్నిటికన్నా పైన ముత్తాత బిచ్యా భార్య, తొమ్మిది మంది. ఆమె కింద హరిలాల్, బాబూరావుల తల్లి, ఆరుగురు, బతికింది నలుగురు. ఆ కింద రెండు గడులు పక్కపక్కనే. ఒకదాంట్లో బాలి. దాని కింద హన్సిక ఎర్ర పెన్నుతో మూడు చుక్కలు పెట్టింది. అన్న, అక్క, తను. పోయిన ఇద్దరి చుక్కల పక్కనా చిన్న గీత.

రెండో గడిలో ప్రమీల పేరుంది. దాని కింద వంశీ, తరుణ్ అని ఇద్దరు అన్నల పేర్లు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఎర్ర చుక్కలు ఇంకా పెట్టలేదు.

"టీచర్ ఏమన్నదంటే, మీకు తెల్సు గదా అని రాయొద్దు, అడిగి రాయాలె అన్నది. చచ్చిపోయినోళ్ల గురించి కూడా అడగాలెనట, మర్చిపోతరట." హన్సిక బోర్లా పడుకుని ఎర్ర పెన్ను మూత తీసింది. "చెప్పు చిన్నమ్మా. నీకు ఎంతమంది?"

ప్రమీల గోడకు చెయ్యి ఆనించింది. బాలి వైపు చూడలేదు. ఇందాకటి నుంచి తెలిసిందంతా ఒక్కసారి కూడదీసుకుని, రిజిస్టర్లో రాసేటప్పుడు ఉండేంత కుదురుగా చెప్పింది.

"ఇద్దరు."

అదే క్షణంలో, ఒళ్లో గౌనుతో అట్లాగే కూర్చుని ఉన్న బాలి నోటి నుంచి మాట వచ్చింది.

"ముగ్గురు."

హన్సిక తల ఎత్తింది. తోడికోడళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎవరూ తన వైపు చూడటం లేదు. పిల్ల మోచేతుల మీద లేచి కూర్చుంది. పెన్ను మొన చార్టుకు బెత్తెడు పైన ఆగింది.

"మూడో పేరేంది?" అని అడిగింది. అడిగింది చిన్నమ్మను కాదు, యాడిని.